మూడు భాషల పరమాణువు

పరమాణువు గురించి మొదటి పాఠం నేను మూడుసార్లు విన్నాను. మొదటిసారి ఉర్దూ బడిలో. అప్పుడు దాని పేరు జౌహర్. రాజ్యం మారి బడి తెలుగులోకి వచ్చాక, హైస్కూల్లో అదే పరమాణువు అయింది. మూడోసారి మహబూబ్‌నగర్ కాలేజీలో, పి.యు.సి.లో చేరిన మొదటి వారం. కోస్తా నుంచి వచ్చిన కెమిస్ట్రీ లెక్చరరు బోర్డు మీద ఒక సున్నా చుట్టి, దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టి, ఆటమ్ అన్నారు. ఈ మూడూ ఒకటేనని నాకు తెలియడానికి దసరా దాకా పట్టింది.

మాది కల్వకుర్తికి అవతల, బస్సు దిగి రెండు గంటలు నడిస్తే వచ్చే ఊరు. మేం గొర్లు కాసుకునేవాళ్లం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాడు నాకు ముందు లేడు. సైన్సు తీసుకోమని ఎవరూ చెప్పలేదు. హైస్కూల్లో లెక్కలు బాగా వచ్చేవి కాబట్టి, లెక్కలు వచ్చినవాడు సైన్సు చదవాలని నేనే అనుకున్నాను.

లెక్చరరు మంచివారే. గొంతు పెద్దది, ఇంగ్లీషు వేగం. నేను వెనక బెంచీలో కూర్చుని, వినబడిన ప్రతి మాటా తెలుగు అక్షరాల్లో రాసుకునేవాణ్ణి. ఒక మాట రాసేలోపు నాలుగు మాటలు దాటిపోయేవి. రసాయన బంధాల పాఠం మొదలైన రోజు ఆయన "ఎలక్ట్రాన్స్ ఆర్ షేర్డ్" అని మూడుసార్లు అన్నారు. నాకు తెలిసిన షేర్ ఉర్దూది. షేర్ అంటే పులి, సింహం. ఇంకో షేర్ ఉంది, కవిత్వంలో రెండు పాదాలు. పరమాణువులోకి పులి ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. పక్కవాణ్ణి అడుగుదామనుకున్నాను. అప్పటికే ఒకసారి నేను నోరు తెరిస్తే ముందు బెంచీలు నా మాటకు నవ్వాయి. అడగలేదు.

బంధాల్లో మొదటిది కొంత తెలిసింది. సోడియం దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ, క్లోరిన్ దగ్గర ఒకటి తక్కువ. అది ఇస్తుంది, ఇది తీసుకుంటుంది, ఉప్పు తయారవుతుంది. ఆ పేజీ మొత్తం కంఠస్థం చేశాను. చిక్కంతా రెండో రకంతో వచ్చింది. క్లోరిన్, ఇంకో క్లోరిన్. రెంటికీ ఒక్కొక్కటి తక్కువే. ఇద్దరూ లేనివాళ్లే అయినప్పుడు ఎవడు ఎవడికి ఇస్తాడు? ఆ పేజీని ఎన్నిసార్లు చదివినా, నీళ్లు లేని బావిలో చేద వేసినట్టు ఉత్తదే పైకి వచ్చేది.

మార్చి పరీక్షలో రెండో రకం మీదే ప్రశ్న వచ్చింది. ఏమీ రాయకుండా లేవడం కంటే నయమని నాకు వచ్చిన ఉప్పు పేజీనే కామాలతో సహా దింపాను. మేలో లిస్టు వేశారని తెలిసి మహబూబ్‌నగర్ పోయాను. తక్కినవన్నీ గట్టెక్కాయి. కెమిస్ట్రీ పోయింది.

వరండాలో లెక్చరరు కనిపించారు. తప్పించుకుని పోదామంటే దారి లేదు.

"చూశానోయ్ నీ నంబరు," అన్నారు. "అర్ధ సంవత్సర పరీక్షలో చేసినట్టే చేసుంటావు నువ్వు. అడిగిందొకటి, రాసింది ఉప్పు. ఆర్ట్స్ తీసుకోవలసింది. సర్లే, సెప్టెంబర్లో మళ్లీ రాయి. కానీ ఒక మాట. ఏడాదంతా నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు నువ్వు. ఎందుకని?"

నేను ఆయన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి వెళ్లిపోయారు.

బస్సులో కల్వకుర్తి వచ్చేదాకా ఒకటే ఆలోచన. బాపుకు ఏం చెప్పాలి? బస్సు ఆగిన చోట ఎదురుగా పశువుల దవాఖాన ఉండేది. దాని గోడకు తెలుగులో ఒక కాగితం అతికించారు. వానలు పడకముందే గొర్లను తోలుకొచ్చి చిటుక రోగానికి సూదులు వేయించుకోవాలని అందులో ఉంది. చదివాను. అక్షరం అక్షరం చదివాను. చదువుతున్నంతసేపూ మనసులో బాపుతో మాట్లాడుతూనే ఉన్నాను. నాలుగడుగులు వేసేసరికి ఆ కాగితం నా తలలో లేదు.

ఊరి బయట మెట్ట చెల్కల్లోనే బాపు ఎదురొచ్చాడు. గొర్లను వదిలేసి, భుజాన గొంగడి జారుతుంటే పట్టుకుంటూ, దాదాపు ఉరికొచ్చాడు.

"పాసైనవా బిడ్డా?"

ఆ ముఖం చూస్తూ నా నోరు ఒకే మాట అంది. "అయిన బాపు."

ఆయన అక్కడే నేల మీద కూర్చున్నాడు. నవ్వాడో ఏడ్చాడో నాకిప్పటికీ తెలియదు. మరుసటి ఆదివారం మందలో అన్నిటికన్నా మంచి పొట్టేలును మల్లన్నకు కోసి, ఊరందరినీ పిలిచాడు. వచ్చినవాళ్లంతా నా తల మీద చెయ్యి పెట్టిపోయారు. అమ్మ నా విస్తట్లో ముక్కలు వేస్తూనే ఉంది. సెప్టెంబర్లో ఎలాగో పాసైతే ఈ అబద్ధం నిజమైపోతుందని, ఎవరికీ తెలియకుండానే పోతుందని నాకు నేను చెప్పుకున్నాను.

మృగశిరలో మొదటి వాన పడింది. నాలుగు రోజుల్లో బీళ్లన్నీ పచ్చబడ్డాయి. గొర్లు ఆవురావురుమంటూ మేశాయి. ఐదో రోజు పొద్దున బాగా బలిసిన గొర్రె ఒకటి మేస్తూ మేస్తూ పైకెగిరి పడింది. కాళ్లు తన్నుకుంది. మేం దగ్గరికి పోయేలోపే అయిపోయింది. చిటికె వేసినంతసేపట్లో ప్రాణం పోతుంది కాబట్టే దానికి చిటుక రోగమని పేరు. ఆ మధ్యాహ్నానికి ఇంకో మూడు పడ్డాయి. మర్నాడు తొమ్మిది. బాపు చెవులు కోసి రక్తం తీశాడు, చురకలు పెట్టాడు, మల్లన్నకు మొక్కాడు. ఏం చేసినా ఆగలేదు. బలిసినవే ముందు పోతున్నాయి.

మూడో రోజు ఆయన దవాఖానకు పరుగెత్తాడు. నేను ఊరి బయట గొయ్యి తవ్వుతుండగా తిరిగొచ్చాడు. ఒళ్లంతా దుమ్ము. పార తీసుకుని తానూ తవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమన్నడు బాపు డాక్టరు?"

"వానకు ముందుగాల సూది ఇయ్యాలెనంట. ఇప్పుడు ఇచ్చినా అక్కరకు రాదన్నడు." పార మన్నులో దిగింది. "నెల కిందనే గోడకు కాయితం అతికిచ్చిండ్రంట. సదువొచ్చినోడు ఒక్కడు లేడా మీ ఊర్ల అన్నడు. ఉన్నడు సారూ, నా కొడుకే కాలేజీ పాసైండు అన్న. ఆయన నన్ను ఎగదిగ జూసిండు."

ఇక ఆపుకోలేకపోయాను.

"గా కాయితం నేను సదివిన బాపు. సదివి మరిచిపోయిన." ఊపిరి తీసుకున్నాను. "నేను పాస్ గాలె. ఫెయిలైన. నీకు అబద్ధం జెప్పిన. గా దినం నా మనసు మనసుల లేకుండె."

బాపు ఆగలేదు. పార ఎత్తుతూ, దించుతూనే ఉన్నాడు. పైన గట్టు మీద అమ్మ కూర్చుని ఉంది. ఆమె ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది. చాలాసేపటికి ఆయన నడుము లేపాడు.

"రోగమంటె దేవునిది. సరే. గా మాట ఎందుకన్నవు?"

"నీ మొకం జూసి అన్న."

"నా మొకం జూసే నిజం చెప్పరాదా?"

కొట్టినా బాగుండేది. ఆ రోజు మొదలు ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. అరవైకి పైగా ఉన్న మందలో రోగం ఆగేనాటికి పదకొండు మిగిలాయి. పొద్దున్నే వాటిని తోలుకుని వెళ్లిపోయేవాడు. నేను వెంట వస్తానంటే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఇంట్లో కూర్చుని పుస్తకం తెరిస్తే అక్షరాలు పురుగుల్లా కదిలేవి. ఈ పుస్తకం వల్లనే కదా అబద్ధమాడింది, అబద్ధం వల్లనే కదా గొర్లు పోయింది అనిపించేది. ఒకనాడు దాన్ని పొయ్యిలో పెట్టబోతే అమ్మ లాక్కుంది.

"గొర్లు లేకపాయె. గిది గూడ కాలవెడితె ఏం దిని బతుకుతవు?" అంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "నిన్ను బడికి తోలుమని మీ బాపుతోని లడాయి వెట్టుకున్న సారున్నడు గదా కల్వకుర్తిల. పొయ్యి ఆయన కాళ్ల మీద వడు," అంది.

ఆ సారు నాకు ఉర్దూ బడిలో సైన్సు చెప్పినవాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే తెలుగువాడు. చదువు మాత్రం ఒకటో తరగతి నుంచి హైదరాబాదు కాలేజీ దాకా ఉర్దూలోనే సాగింది. బళ్లు తెలుగులోకి మారినప్పుడు తెలుగులో చెప్పమన్నారు. మాట్లాడటం వచ్చు గాని బోర్డు మీద తెలుగు రాయబోతే ఒత్తులు తప్పేవి, పిల్లలు నవ్వేవారు. ఏడాది ఓర్చుకుని, రిటైరు కాకముందే మానుకున్నాడు. నేను పోయేసరికి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లాలు. మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు.

గొంతు విని గుర్తుపట్టాడు. నేను అంతా చెప్పాను, అబద్ధంతో సహా.

"నాకు ఇంగ్లీషు రాదు గదరా," అన్నాడు. "నీకేం జెప్పుత?"

"ఇంకెవ్వరు లేరు సార్."

ఆయన లోపలి పెట్టె తెరవమన్నాడు. అందులో గుడ్డలో చుట్టిన లావాటి పుస్తకం ఉంది. ఆయన కాలేజీలో చదివిన ఉర్దూ కెమిస్ట్రీ. నేను ఉర్దూ చదివి ఏళ్లయింది. కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. ఎలక్ట్రాన్ అందులో బర్ఖియా. న్యూక్లియస్ మర్కజా. వేలెన్సీ గిరిఫ్త్, అంటే పట్టు. ఏది ఏ ఇంగ్లీషు మాటకు సరి అన్నది మొదట ఇద్దరికీ తెలియదు. నా ఇంగ్లీషు పుస్తకం ఎడమ నుంచి కుడికి, ఆయన పుస్తకం కుడి నుంచి ఎడమకు. అయితే బొమ్మలు ఒకటే. అవే సున్నాలు, అవే చుక్కలు. బొమ్మ పక్కన బొమ్మ పెట్టి, కింద ఉన్న మాటలు సరిచూసుకుంటూ పోయాం.

ఆయనకు బొమ్మ కనిపించదు కాబట్టి నేల మీద చింతగింజలు పరిచేవాణ్ణి. ఒక పరమాణువుకు నల్ల గింజలు, రెండోదానికి అరగదీసి తెల్లగా చేసిన గింజలు. ఆయన వేళ్లతో తడిమి లెక్కపెట్టేవాడు. వారానికి మూడు రోజులు పొద్దున్నే నడిచి పోయి, పొద్దువాలకముందు తిరిగొచ్చేవాణ్ణి.

క్లోరిన్ దగ్గర ఆగిపోయాను. "సార్, ఇద్దరికీ ఒకటి తక్కువున్నది. ఎట్ల కలుస్తరు?"

"మీ ఊర్ల ఒక్క ఎద్దే ఉన్నోడు ఎట్ల దున్నుతడు?"

"ఇంకో ఒక్కెద్దోనితోని పొత్తు గడతడు."

"అప్పుడు ఎడ్లెన్ని? ఎవనియి?"

"రెండు సార్. ఇయ్యాల ఈయనయి, రేపు ఆయనయి."

"గాదు. ఆడనే తప్పుతున్నవు. ఇయ్యాల రేపు లేదు ఈడ. ఇద్దరి చెల్కలు పక్కపక్కన ఉన్నయి. నడుమ గట్టు తీసేసిండ్రు. ఒక్క చాలుల రెండు చెల్కలు దున్నుతున్నరు. ఇప్పుడు జెప్పు, ఎవనియి?"

నేను గింజల వైపు చూశాను. ఒక నల్లది, ఒక తెల్లది, రెండు వలయాలు ఒరుసుకున్న చోట ఉన్నాయి. అటు లెక్కపెడితే వలయం నిండే ఎనిమిది. ఇటు లెక్కపెట్టినా ఎనిమిదే.

"ఇద్దరియి సార్. ఎప్పుడు జూసినా ఇద్దరియి."

"గీ పుస్తకంల షరీక్ అంటె గదే, పొత్తు," అన్నాడు. నా పుస్తకంలో అదే బొమ్మ కింద షేర్డ్ అని ఉంది. పులి కాదు, కవిత్వం కాదు. ఏడాదంతా లెక్చరరు చెప్పిన షేర్ ఇదేనని అప్పుడు తెలిసింది. సంతోషించాల్సింది పోయి నాకు దుఃఖం వచ్చింది. ఈ ఒక్క మాట మార్చికి ముందు తెలిసి ఉంటే అన్నదే మనసులో తిరిగింది.

ఇంకో రోజు అడిగాను. "ఎనిమిదే ఎందుకు సార్? ఏడు ఎందుకు గాదు, తొమ్మిదెందుకు గాదు?"

"నాకెరుక లేదు బిడ్డా," అన్నాడు. "గిన్నేండ్లు జెప్పిన. ఒక్కడు అడుగలె. నేను గూడ అడుగలె." తర్వాత పుస్తకం మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా అన్నాడు: "గీ పుస్తకం ఇగ ఎవ్వడు సదువుతడు? నేను సచ్చిపోతె దీన్ని సదివెటోడు ఈ జిల్లాల లేడు. నువ్వు రాకుంటె దినం ఎట్ల గడుస్తుండెనో నాకే తెల్వది." ఆయన బాధ నా బాధకన్నా పెద్దదని నాకు తెలిసింది. గింజలు ఏరి డబ్బాలో వేశాను.

సెప్టెంబరు పరీక్షకు బయలుదేరిన రోజు బాపు గొర్ల వెంట వెళ్లిపోయాడు. పోయిరా అనలేదు.

ప్రశ్నపత్రంలో మొదట చూసింది బంధాల ప్రశ్న. క్లోరిన్ ఇవ్వలేదు. అమ్మోనియా ఇచ్చారు. అమ్మోనియాను నేను ఒక్కసారి కూడా గింజలతో పెట్టలేదు. బల్ల మీద వేలితో నైట్రోజన్ కోసం ఐదు చుక్కలు పెట్టాను. మూడు హైడ్రోజన్లను తెచ్చి ఒక్కొక్కదానికి ఒక్కొక్క చుక్క పొత్తు కట్టాను. ఎనిమిదయ్యాయి. కానీ రెండు చుక్కలు ఎవరితోనూ పొత్తు లేకుండా పైన మిగిలిపోయాయి. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ మిగిలాయి. ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే వదిలేసి, నాలుగో తరగతి పిల్లవాడిలా చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు రాశాను. కంఠస్థం చేసినవి కావు, నావి. తొందరలో ఒకచోట షరీక్ అని ఉర్దూలో రాసేశాను. కొట్టివేయబోతే సిరా పారి సగం వాక్యం మునిగింది. గంట కొట్టారు.

బయటికొచ్చి కాలేజీ గోడకు ఆనుకుని కూర్చున్నాను. రెండు చుక్కలు మిగిలాయి, సిరా పారింది, వాక్యాలు విరిగిపోయాయి. ఈసారి కూడా పోయిందని నాకు ఖాయమైపోయింది. ఫలితాలు వచ్చేదాకా ఆ రెండు నెలలు నేను తిన్నదీ పడుకున్నదీ గుర్తు లేదు. కూలికి పోయి కంది చేలో కలుపు తీశాను. ఎవరైనా కాలేజీ మాట ఎత్తితే పక్కకు తప్పుకునేవాణ్ణి.

ఫలితాలు పత్రికలో వచ్చాయి. కల్వకుర్తిలో హోటలు ముందు నిలబడి చూస్తే థర్డ్ క్లాసు వరసలో నా నంబరు ఉంది. ఆ కాగితం అడిగి తీసుకుని ఇల్లు చేరాను. బాపు దొడ్లో గొర్లకు కొమ్మలు వేస్తున్నాడు.

"బాపు, పాసైన."

ఆయన చేతిలో కొమ్మ ఆగింది. నా ముఖంలోకి చూశాడు. ఐదు నెలల తర్వాత సూటిగా చూడటం అదే.

"నిజమేనా?"

కాగితం చేతికిచ్చి నంబరు చూపించాను. ఆయనకు చదువు రాదు. కాగితాన్ని మడిచి రొమ్ము దగ్గర పెట్టుకుని, బడి వైపు నడిచాడు. పంతులుతో చదివించుకున్నాడు. నా హాల్ టికెట్టు కోసం వెనక్కి వచ్చి, దాన్ని కూడా తీసుకుపోయి నంబరు కలిపి చూపించుకున్నాడు. తిరిగొచ్చి అమ్మతో, "ఉన్నదంట," అన్నాడు. నాతో కాదు, అమ్మతో. ఆ మాట వినడం కంటే ఫెయిలై ఉంటేనే తేలికగా ఉండేదనిపించింది.

మార్కుల కాగితం కోసం మహబూబ్‌నగర్ పోయినప్పుడు, లెక్చరరు గది ముందు చాలాసేపు నిలబడి లోపలికి వెళ్లాను.

"సార్, అమ్మోనియాలో రెండు మిగిలాయి. వాటిని ఏం చేయాలి?"

ఆయన కలం కింద పెట్టారు. "మిగిలినవి మిగిలినట్టే ఉంచావా?"

"వేరే ఏం చేయాలో తెలియక ఉంచాను సార్."

"ఏమీ చేయకూడదోయ్. అవి మిగలాలి. ఆ జంట నైట్రోజన్‌దే, ఎవరితోనూ పంచుకోదు," అన్నారు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. అంతవరకు ఆ గదిలో నేను కూర్చున్నది లేదు.

పాత సారుకు ఈ సంగతి చెబితే చాలాసేపు నవ్వాడు, నాకు తెలిసి ఆయన అంతగా నవ్వింది అదొక్కసారే. చలికాలం చివర్లో ఆయన కూతురు వచ్చి కళ్ల ఆపరేషనుకని హైదరాబాదు తీసుకుపోయింది. అక్కడే జ్వరం వచ్చి పోయాడని నెల తర్వాత తెలిసింది. పెట్టె, పుస్తకం ఏమయ్యాయో కనుక్కుందామని పోతే ఆ ఇంట్లో వేరేవాళ్లు కిరాయికి దిగారు.

బి.ఎస్సీ. చదవలేదు. మిగిలిన పదకొండు గొర్లలో ఆ ఎండాకాలం ఇంకో నాలుగు పోయాయి. నల్లగొండ వైపు, హాలియా దగ్గర ఒక పల్లెలో టీచరు పని దొరికింది. సాగరు కాలువలు తవ్వుతున్న రోజులవి. మా బడి పక్కనే ఎర్రమట్టి గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. నెలకోసారి ఇంటికి పోతే బాపు మందలో ఉండేవాడు. మిగిలిన మా ఏడింటితో పాటు ఎవరివో గొర్లు కాసేవాడు. ఇంటికాడ ఉండమంటే తల అడ్డంగా ఊపేవాడు. నేను నా పని గురించి చెబుతుంటే వినేవాడు. బడిలో ఎంతమంది పిల్లలున్నారని, వానలెట్లున్నాయని అడిగేవాడు. అబద్ధం సంగతి ఆయన మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. క్షమించాడో లేదో అడుగుదామని ఎన్నోసార్లు దొడ్డి దాకా పోయి, గొర్లకు నీళ్లు పెట్టి తిరిగొచ్చాను.